కర్టెన్ తగిలిన నారు

ఆమెను అందరూ సెంటీమీటరమ్మ అంటారు. అసలు పేరు లేక కాదు, ఉంది, లక్షణమైన పేరే. కానీ మెడలో గుర్తింపు కార్డు పక్కనే స్టీలు స్కేలు వేలాడేసుకుని, కనబడిన ప్రతి మొక్క పక్కనా వంగి కళ్ళు చికిలించి చూసే మనిషిని ఇంకేమని పిలుస్తారు చెప్పండి! మొదట్లో ఉడుక్కుంది. తరవాత ఒకరోజు ఫోనెత్తి, పరధ్యానంలో తనే "ఆఁ, సెంటీమీటరమ్మని మాట్లాడుతున్నా" అనేసింది. ఇంకేముంది, ఆ పేరు ఖాయమైపోయింది.

ఆమె పనిచేసేది తోటపంటల పరిశోధన కేంద్రంలో. పని టమాటా నారు మీద. టమాటా నారుతో వచ్చిన చిక్కేమిటంటే, ట్రేలలో ఒత్తుగా పెంచితే మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెలుతురు కోసం పైకి ఎగబాకుతాయి. సన్నగా, పొడుగ్గా, నడుములో బలం లేకుండా తయారవుతాయి. చేలో నాటిన రోజే చిన్న గాలి వీస్తే చాలు, పడుకుంటాయి. ఎదుగుదలకి కళ్ళెం వేసే రసాయనాలు లేకపోలేదు. కానీ తినే పంట మీద వాటిని చల్లడమంటే ఎవరికైనా భయమే. ఆకులూ వేళ్ళూ మరిగించి తీసిన మందొకటి ఉంటే ఎంత బాగుండునని నర్సరీలవాళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు.

ఆ మందు తీసింది పెద్దసారు. ఆ విభాగానికి పెద్ద, సెంటీమీటరమ్మకి గురువు, ముక్కు మీద కోపం ఉన్న మనిషి. ఒక కలుపు మొక్క వేళ్ళు మరిగించి, వడగట్టి, మళ్ళీ మరిగించి, గోధుమరంగు ద్రవం తీశాడు. దానికి శాస్త్రీయమైన పొడుగాటి పేరొకటి పెట్టాడు గానీ ల్యాబులో అందరూ కషాయం అనే అంటారు. ఆయన ఎదురుగా కూడా.

పెద్దసారుకి ఈ నెలాఖరుతో ఉద్యోగ విరమణ. జీవితమంతా ఆయన కనిపెట్టినవన్నీ గాజు గొట్టంలో భేషుగ్గా పనిచేశాయి, మట్టిలోకి దిగేసరికి చేతులెత్తేశాయి. కాయ త్వరగా పండకుండా ఆపే లేపనం ఒకటి, పూత రాలకుండా చూసే ద్రావణం ఒకటి, ఇంకా ఏవేవో. ఆయన తరవాత చేరినవాళ్ళ పనులు రైతుల దాకా వెళ్ళాయి, ఆయనవి పత్రికల్లో ఆగిపోయాయి. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, ఒక్క సెంటీమీటరమ్మతో తప్ప. "నా చేతిమీదుగా ఒక్కటంటే ఒక్కటి చేలోకి పోవాలమ్మా. పోయాక నేను హాయిగా ఇంట్లో కూచుంటాను" అన్నాడు. అప్పటినుంచీ ఆ కషాయాన్ని ఆమె తన సొంత సొత్తులాగా నెత్తిన పెట్టుకుంది. రెండు వారాల్లో నిపుణుల కమిటీ వచ్చి చూసి, సరేనంటే కషాయం నర్సరీలకి వెళుతుంది. కాదంటే అంతే సంగతులు.

ఇక పెద్దసారు బోర్డు గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. గ్రీన్‌హౌస్ తలుపు మీద, ఆయన సొంత దస్తూరీతో, ఎర్రరంగుతో రాసిన చెక్కబోర్డు: "మొక్కలను ముట్టుకోరాదు." పక్కనే కుళాయి, సబ్బుపెట్టె. లోపలికి వెళ్ళేముందు చేతులు కడుక్కోవాలి, బయటికి వచ్చాకా కడుక్కోవాలి, మధ్యలో గ్లవ్స్ తొడుక్కోవాలి, అయినా సరే ముట్టుకోకూడదు. మొక్క ఎత్తు కొలవాలంటే స్కేలు పక్కన నిలబెట్టి చూడాలే తప్ప ఆకు పైకెత్తి చూడకూడదు. ఇదేం చాదస్తమని నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు గానీ ఆయన బాధ ఆయనది. ఆయన కుర్రతనంలో సిగరెట్టు తాగిన చేత్తో ఎవరో నారుని సవరించారట. పొగాకులోంచి వచ్చే తెగులు ఆ చేతిమీదుగా ఒక మొక్కనించి ఇంకో మొక్కకి పాకి, గ్రీన్‌హౌస్ మొత్తాన్నీ ఊడ్చిపెట్టేసింది. అప్పటినుంచీ ఎవరైనా ఆకు మీద వేలు వేస్తే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు.

కషాయానికి మొదట్లో కలిసిరాలేదు. పిచికారీ చేస్తే టమాటా ఆకు మీది నూగుకి తగిలి బొట్లు బొట్లుగా జారిపోయేది. నారు ఎప్పటిలాగే పొడుగ్గా సాగేది. పెద్దసారు మొహం రోజురోజుకీ పీక్కుపోతుంటే చూడలేక సెంటీమీటరమ్మే ఉపాయం చెప్పింది: "సార్, మెత్తటి బ్రష్షుతో పూస్తే? ఆకు అడుగున, కాండానికి, అంతటా అంటుతుంది కదా." బ్రష్షంటే ముట్టుకోవడమే కదాని ఆయన చాలాసేపు గింజుకున్నాడు. చివరికి, ఉడకబెట్టి ఆరబెట్టిన బ్రష్షయితే తప్పులేదులే అని ఒప్పుకున్నాడు.

బ్రష్షు పట్టిన దగ్గరినుంచీ కథ మారిపోయింది. కషాయం పూసిన నారు కురచగా, గట్టిగా, పొట్టి పహిల్వానులాగా నిలబడింది. పోల్చి చూడటానికని మందు లేకుండా వట్టి నీళ్ళు చల్లి పెంచే మొక్కలు కొన్ని ఉంటాయి. ల్యాబువాళ్ళు వాటిని కంట్రోల్ అంటారు. అవి మామూలుగానే పొడుగ్గా సాగి పక్కకి వాలాయి.

ఆ మొదటిరోజునే సెంటీమీటరమ్మ ఒక మాట అడిగింది. "సార్, కంట్రోల్ మొక్కలక్కూడా బ్రష్షుతోనే నీళ్ళు పూయమంటారా?"

"నీళ్ళకి బ్రష్షెందుకమ్మా?" అని కసిరాడాయన. "అవసరం లేకుండా మొక్క మీద చెయ్యి పడకూడదని ఎన్నిసార్లు చెప్పాను? పైనించి చల్లు, చాలు."

చల్లింది. ఆ మాట అక్కడితో మరిచిపోయింది.

ఆకుల లోపలి సంగతులు చూసేది గుజ్జక్క. ఆమె జీవరసాయన విభాగం. పొద్దస్తమానం ఆకుల్ని మంచుముక్కల మీద పెట్టి రోట్లో నూరి గుజ్జు చేసి, అందులో ఏ ఎంజైము ఎంతుందో చూస్తుంటుంది కనక ఆ పేరు. కషాయం పూసిన ఆకుల్లో పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఎక్కువగా ఉందని, కాండాన్ని గట్టిపరిచే లిగ్నిన్ పేరుకుందని, పొడుగుని ఆపే ఎథిలిన్ వాయువు కూడా ఎక్కువే వస్తోందని ఆమె గ్రాఫులు గీసి ఇచ్చింది. మొక్క బయట ఎలా కనిపిస్తోందో లోపల కూడా అలాగే ఉంది. పెద్దసారు ఆ గ్రాఫుల్ని టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఒకరోజు ఇంట్లో సెంటీమీటరమ్మ అత్తగారు కిటికీ దగ్గరినుంచి ఒక కేక పెట్టింది.

"అమ్మాయ్! మీ ఆఫీసువాళ్ళు నాకు సగం గిడసబారిన నారు అంటగట్టారు, వచ్చి చూడు."

ఆ నారు ట్రే ప్రయోగంలో మిగిలిపోయింది. మందూ మాకూ ఏదీ తగలని మామూలు మొక్కలు. పారేస్తుంటే అత్తగారికి పనికొస్తుందని సెంటీమీటరమ్మే ఇంటికి పట్టుకొచ్చింది. వాళ్ళుండేది మూడో అంతస్తులో. కుండీలు పెట్టుకోవడానికి ఉన్నదల్లా హాల్లో కిటికీ గట్టు. దానికి ఒకవైపే కర్టెన్ ఉంది, రెండోవైపుది అత్తగారు నిక్షేపంగా కత్తిరించి దిండు గలీబులు కుట్టేసింది. "ఉన్నదాన్ని రెండువైపులా జరుపుకోవచ్చుగా" అని ఆవిడ వాదన.

"అవి మామూలు నారే అత్తయ్యా. గిడసబారడమేంటి?" అంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది సెంటీమీటరమ్మ.

"నేనేమైనా కళ్ళు లేనిదాన్నా? ఇదిగో, ఇటు సగం నా మోచెయ్యంత ఎదిగింది. అటు సగం జానెడు లేదు. నీళ్ళు ఒక్కలాగే పోశాను. కావాలంటే మీ ఆయన్నడుగు, వాడి ముందే పోశాను."

అటు సగం, ఇటు సగం. నిజంగానే గీత గీసినట్టుగా ట్రే రెండు ముక్కలైపోయి ఉంది. అలవాటు కొద్దీ మెడలోని స్కేలు చేతిలోకి తీసుకుంది గానీ కొలవాల్సిన పనే లేకపోయింది. పొట్టిగా ఉన్న సగం కర్టెన్ వైపుంది.

మొదట నీడేమో అనుకుంది. వెంటనే నాలుక కరుచుకుంది. నీడలో ఉన్న మొక్క ఇంకా పొడుగ్గా సాగాలి గానీ పొట్టిగా ఎలా అవుతుంది? నిలబడి చూసింది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి కర్టెన్ ఊగుతోంది. ఊగినప్పుడల్లా దాని అంచు నారు తలల్ని నిమిరి వెనక్కి పోతోంది. మళ్ళీ వస్తోంది, నిమురుతోంది, పోతోంది. ఫ్యాను పొద్దున్నించీ తిరుగుతూనే ఉంటుంది, అత్తగారికి ఉక్కపోత.

ఆ అంచు గ్రీన్‌హౌస్‌లో ఆమె పట్టే మెత్తటి బ్రష్షులాగే ఉంది.

సెంటీమీటరమ్మ చేతిలోని స్కేలు వదిలేసింది.

"ఏమైందే, మొహం అలా పాలిపోయింది? నారే కదా, పోతే పోయింది" అంది అత్తగారు.

"పోలేదత్తయ్యా. బాగానే ఉంది. చాలా బాగుంది" అని కుర్చీలో కూలబడిపోయింది.

ఒక్కసారిగా లెక్కలన్నీ తిరగబడ్డాయి. పిచికారీ చేసినప్పుడు కషాయం పనిచెయ్యలేదు. బ్రష్షు పట్టాక పనిచేసింది. కంట్రోల్ మొక్కలకి బ్రష్షు తగల్లేదు. అయితే నారుని కురచ చేసింది కషాయమా, బ్రష్షా? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదని తనని తాను తిట్టుకుంది. గాలి బాగా తగిలే చోట చెట్లు కురచగా, లావుగా పెరుగుతాయని డిగ్రీలో చదివింది. అదే పాఠం పెద్దసారే చెప్పాడు కూడానూ! పుస్తకంలో ఉన్నది కళ్ళెదురుగా జరుగుతుంటే ఇద్దరూ గుడ్లప్పగించి చూస్తూ కషాయాన్ని మెచ్చుకున్నారు.

మర్నాడు వెళ్ళగానే గ్రీన్‌హౌస్‌లో నీళ్ళ ట్యాంకు వెనక, ఎవరూ తొంగిచూడని మూల, నాలుగు ట్రేలు పెట్టింది. ఒకదానికి బ్రష్షుతో కషాయం. రెండోదానికి బ్రష్షుతోనే వట్టి నీళ్ళు. మూడోదానికి కషాయం పిచికారీ. నాలుగోదానికి నీళ్ళు పిచికారీ. ఇంత సులువైన పని మొదటిరోజే చేసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

ఆ వారమంతా ఆమెకి తిండి సయించలేదు. పొద్దున లేస్తే ఒకటే ప్రార్థన: నీళ్ళ బ్రష్షు ట్రే పొడుగ్గా సాగాలి, కర్టెన్ సంగతి తన పిచ్చి ఊహ అయిపోవాలి. శాస్త్రం చదువుకున్న మనిషి మొక్కని బతిమాలుకోవడం ఏమిటని సిగ్గుపడుతూనే బతిమాలుకుంది.

మధ్యలో ఒకరోజు నీళ్ళ బ్రష్షు చేతిలో ఉండగా వెనకనించి గొంతు వినబడింది.

"ఏమ్మా, ఈ మూలేం చేస్తున్నావ్?"

పెద్దసారు. ఆమె బ్రష్షు వెనక్కి దాచుకుంది. "ఏం లేదు సార్... కొన్ని ట్రేలు అదనంగా... కమిటీవాళ్ళు ఏమైనా అడిగితే చూపించడానికి..." అని నీళ్ళు నమిలింది.

"బంగారు తల్లివి!" అన్నాడాయన, మొహం వెలిగిపోతుండగా. "నేను ఇద్దరు ముగ్గురు నర్సరీవాళ్ళతో మాట్లాడాను. కషాయం ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. నన్నే అడుగుతున్నారమ్మా, నన్ను!" ఆ రోజు ఆయన కొత్త చొక్కా కొనుక్కోబోతున్నాడు, కమిటీ రోజు తొడుక్కోవడానికి. లేతనీలం బాగుంటుందా, తెలుపు బాగుంటుందా అని అంత కోపిష్ఠి మనిషీ వచ్చి ఆమెనడిగాడు. లేతనీలం అంది. ఆయన వెళ్ళిపోయాక ట్యాంకు పక్కనే చతికిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ట్రేలు ఏ మొహమాటమూ లేకుండా తేల్చిచెప్పాయి. బ్రష్షు తగిలిన రెండూ పొట్టిగా, గట్టిగా ఉన్నాయి. బ్రష్షు తగలని రెండూ పొడుగ్గా వాలిపోయాయి. కషాయం ఉందా, నీళ్ళున్నాయా అన్నదానితో వాటికి నిమిత్తమే లేదు. గుజ్జక్కకి ఏదేమిటో చెప్పకుండా ఆకులిచ్చి చూడమంది. గుజ్జక్క నూరి, కొలిచి, గ్రాఫులు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏంటే ఇది? రెండు ట్రేల్లో ఎంజైము ఒక్కలాగే పెరిగింది. రెండూ కషాయమేనా?"

"ఒకటి వట్టి నీళ్ళు."

గుజ్జక్క స్టూలు లాక్కుని కూచుంది. తరవాత ఆమె ల్యాబు తలుపు మూసి వచ్చింది. "ఇదిగో విను. నాకేం తెలీదు, నువ్వేం చెప్పలేదు. నోరు మూసుకుని ఈ నెల గడవనీ. కమిటీ సరేనంటుంది, ముసలాయన నవ్వుకుంటూ ఇంటికెళతాడు. కషాయం ఎవరికీ హాని చెయ్యదు కదా? నర్సరీవాళ్ళు బ్రష్షుతోనే పూస్తారు, నారు కురచగానే ఉంటుంది. ఎవరికేం నష్టం?"

"బ్రష్షుతో ఎవరు పూస్తారే? నర్సరీలో లక్షల మొక్కలుంటాయి. పిచికారీ చేసేస్తారు. నారు సాగిపోతుంది. అప్పుడు ఎవర్ని తిడతారు? ఆయన్నేగా."

"అప్పటికి చూసుకుందాంలే."

"అప్పటికి ఆయన ఇంట్లో ఒక్కడే కూచుని ఉంటాడు. ఫోన్లు మాత్రం వస్తుంటాయి" అంది సెంటీమీటరమ్మ. "ఇప్పుడైతే నేనైనా పక్కనుంటాను."

కమిటీ రావడానికి ముందురోజు నాలుగు ట్రేలనీ తోపుడు బండి మీద పెట్టుకుని పెద్దసారు గదికి తీసుకెళ్ళింది. ఆయన గోడకేసి నిలబడి రేపటి ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నాడు.

"సార్, ఒకసారి చూడండి. వీటిలో మన కషాయం తగిలినవి ఏవో చెప్పండి."

ఆయనకి ఇలాంటివి సరదా. కళ్ళజోడు సవరించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "ఇదీ, ఇదీ. పసిపిల్లాడైనా చెపుతాడు."

"ఇది కషాయమే సార్. ఇది మాత్రం వట్టి నీళ్ళు. బ్రష్షుతో పూశాను."

ఆయన నవ్వు అక్కడే ఆగింది.

"ఆ వాలిపోయినవాటిలో ఒకటి కషాయం సార్. పిచికారీ చేసింది." ఆమె ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు. కర్టెన్ సంగతి, అత్తగారి ట్రే సంగతి, గుజ్జక్క చూసిన ఎంజైము సంగతి, అన్నీ చెప్పేసింది. కంట్రోల్‌కి బ్రష్షు వద్దన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

"కాదు" అన్నాడు పెద్దసారు. "పిచికారీ సరిగ్గా అంటి ఉండదు. మొదట్లోనూ అంతేగా."

"సబ్బునీళ్ళు కలిపి చల్లాను సార్. ఆకంతా తడిసింది."

"ట్రేలు తారుమారై ఉంటాయి."

"లేదు సార్."

"అసలు నిన్నెవరు చెయ్యమన్నారు?" అని ఒక్కసారిగా అరిచాడాయన. వరండాలో వెళుతున్నవాళ్ళు ఆగిపోయారు. "రేపు కమిటీ పెట్టుకుని ఇవాళ నాకు చెపుతావా? ఇన్నేళ్ళు నేను పడ్డ చాకిరీ నీకు ఆటగా ఉందా? కంట్రోల్‌కి బ్రష్షు వెయ్యకుండా ప్రయోగం ఎలా చేశావ్? ఆ మాత్రం ఇంగితం లేదా నీకు? నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

ఆమె తలవంచుకుంది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది.

"పో. బయటికి పో. ఆ ట్రేలు ఇక్కడే ఉంచి పో."

వాష్‌రూమ్‌లో మొహం కడుక్కుంటుంటే గుజ్జక్క వచ్చి భుజం పట్టుకుంది. "అరుపులు నాదాకా వినిపించాయి. ముట్టుకోవద్దన్నది ఆయనే కదే! ఆ మాట మొహం మీద అనకపోయావా?"

"అని ఏం చెయ్యను? ఆయనకి మిగిలింది రేపటి రోజొక్కటే. దాన్ని కూడా నేనే లాక్కున్నాను. ఇంక ఆ తప్పు కూడా ఆయన నెత్తినే రుద్దమంటావా?"

మర్నాడు సమావేశం గదిలో సెంటీమీటరమ్మ అందరికంటే వెనక కుర్చీలో, గుజ్జక్క పక్కన కూచుంది. కమిటీకి పెద్ద ఒక నడివయసు ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడే అలవాటున్న మనిషి. మిగిలినవాళ్ళు టీ తాగుతూ గడియారం చూసుకుంటున్నారు. పెద్దసారు వచ్చాడు. లేతనీలం చొక్కా వేసుకునే వచ్చాడు. అది చూడగానే సెంటీమీటరమ్మకి ఆశ పోయింది. చెప్పడు, కషాయం గురించే మాట్లాడతాడు, నేనేం చెయ్యాలి అనుకుంది. లేచి నిలబడి అందరిముందూ కాదనాలా? ఆమె వల్ల అవుతుందా అది?

పెద్దసారు వల్లెవేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాడు. నారు సాగడం వల్ల వచ్చే నష్టాలు, కషాయం తయారీ, పిచికారీ విఫలం కావడం, బ్రష్షు, ఫలితాలు. గ్రాఫులు తెర మీద ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. టీ కప్పులు కింద పెట్టి కమిటీవాళ్ళు వినసాగారు. బాగుంది అన్నట్టు కమిటీ పెద్దావిడ తల ఊపింది. సరిగ్గా అక్కడ ఆయన ఆగి, గ్లాసు మంచినీళ్ళు తాగాడు.

"ఇప్పటిదాకా చెప్పింది నేను నమ్మింది. నిన్న మధ్యాహ్నం దాకా నమ్మాను" అన్నాడు. "కషాయం పనిచెయ్యదు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

తోపుడు బండి మీంచి నాలుగు ట్రేలనీ తనే ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఏది ఏమిటో చెప్పాడు. ఎవరింట్లోనో ఒకవైపే ఉన్న కర్టెన్ గురించి కూడా, ఏ మాటా వదలకుండా చెప్పాడు. ఒకాయన కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గినట్టు నటించాడు.

"మొక్కని ముట్టుకుంటే కురచగా పెరుగుతుందని పుస్తకాల్లో ఉన్నదే కదండీ" అంది కమిటీ పెద్దావిడ, మెత్తగానే.

"ఉన్నదే మేడమ్. నేనే చదివాను, నేనే పాఠం చెప్పాను. నా మొక్కల దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు. ఎందుకంటే నా మొక్కల్ని ఎవరూ ముట్టుకోరని నాకు గట్టి నమ్మకం. బోర్డు రాసి తగిలించాను కదా."

"మరి కంట్రోల్ మొక్కలకి బ్రష్షు ఎందుకు వెయ్యలేదు?"

సెంటీమీటరమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

"ఆ వెనక కూచున్న అమ్మాయి మొదటిరోజే అడిగింది, నీళ్ళు కూడా బ్రష్షుతో పూయాలా అని. నేను కసిరాను. నిన్న నాకీ ట్రేలు చూపించినప్పుడు ఆమెనే తిట్టాను, ఇంగితం లేదని. ఆమె ఎదురుచెప్పలేదు. ఇంటికెళ్ళి కూచున్నాక నాకు నేనన్న మాట గుర్తొచ్చింది." ఆయన కమిటీ పెద్దావిడకేసి తిరిగాడు. "తప్పు నాది మేడమ్. అది రాసుకోండి."

కమిటీ పెద్దావిడ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది. "అయితే మేం దేనికి ఆమోదం ఇవ్వాలి సార్?"

"దేనికీ అక్కర్లేదు. కషాయం ఫైలు మూసెయ్యండి. నర్సరీలకి మాత్రం ఒకటి చెప్పాలి. నారు మీద మెత్తటి, శుభ్రమైన గుడ్డని రోజూ కాసేపు అటూ ఇటూ లాగమనండి. పైన తీగ కట్టి గుడ్డ వేలాడేసి, చివర పట్టుకుని నడిస్తే బెంచీ మొత్తం అయిపోతుంది. ఒక బెంచీ గుడ్డ ఇంకో బెంచీకి వాడకూడదు, తెగులు పాకుతుంది. మందు లేదు, ఖర్చు లేదు. దానికి నా అనుమతి గానీ మీ అనుమతి గానీ అవసరం లేదు." వెనక కుర్చీకేసి చూశాడు. "కషాయం నాది. బ్రష్షు ఆ అమ్మాయిది. పనిచేసింది ఆమెది."

సెంటీమీటరమ్మకి ఎక్కడ చూడాలో తెలియలేదు. గుజ్జక్క పక్కనుంచి మోచేత్తో పొడిచింది.

సమావేశం అయ్యాక కమిటీవాళ్ళు గ్రీన్‌హౌస్ చూస్తామన్నారు. కుళాయి దగ్గర బుద్ధిగా చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. బ్రష్షు తగిలిన నారు పక్కన నిలబడి కమిటీ పెద్దావిడ చెయ్యి చాచబోయి, తలుపు మీద బోర్డు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"సార్, ముట్టుకోవచ్చా?"

పెద్దసారు తలుపు దగ్గరికి వెళ్ళాడు. మునివేళ్ళ మీద లేచి బోర్డుని కొక్కెం నుంచి తీశాడు. వెనకవైపు బూజుంటే కొత్త చొక్కాకి అంటింది. ఆ బోర్డుని చంకలో పెట్టుకుని వచ్చి, "ముట్టుకోండి. అందరూ ముట్టుకోండి" అన్నాడు.

అందరూ తలా ఒక మొక్కని నిమిరారు. కాండం పట్టుకుని చూశారు, ఎంత గట్టిగా ఉందో అనుకున్నారు. నవ్వులూ, ప్రశ్నలూ మొదలయ్యాయి. పెద్దసారు మాత్రం ఆ బోర్డు పట్టుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

సెంటీమీటరమ్మ ఆయన పక్కకి వచ్చింది. "బోర్డు నాకివ్వండి సార్. మీరూ చూడండి."

ఆయన మొదట గ్లవ్స్ కోసం జేబులో వెతుక్కున్నాడు. దొరికాయి. చేతిలోకి తీసుకుని, ఒకసారి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టేసుకున్నాడు. అరచెయ్యి వెడల్పుగా చాచి, ట్రే ఈ కొసనుంచి ఆ కొసదాకా నారు తలల మీదుగా మెల్లగా పోనిచ్చాడు. మొక్కలు వంగి, మళ్ళీ లేచాయి. ఇంకోసారి పోనిచ్చాడు. కమిటీవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పి బయల్దేరినా ఆయనకి వినపడలేదు.

చివరికి ఇద్దరూ బయటికి వచ్చారు. ఆయన అరచేతినిండా పచ్చటి మరక, టమాటా ఆకు ఘాటు వాసన. ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం ఆమె కుళాయి తిప్పి, సబ్బు తీసి అందించింది.

పెద్దసారు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉండనీమ్మా" అన్నాడు. "ఇవాళ్టికి కడుక్కోను."